కోడలమ్మ గారికి

చక్రాల కుర్చీ ముందు చక్రాల్లో వెంట్రుకలు చుట్టుకుంటాయి. కూర్చున్న మనిషికి కనపడవు, తోసే మనిషికీ కనపడవు. కుర్చీ ఒక పక్కకి లాగుతుంటే నేల బాగాలేదనుకుంటారు. అరువు తీరి కుర్చీ తిరిగొచ్చాక దాన్ని బోర్లా పడుకోబెట్టి, అల్లిక కొక్కెంతో ఒక్కొక్క పోగే బయటికి లాగాలి. తెల్లవి జబ్బు మనిషివి. నల్లవి చాకిరీ చేసిన మనిషివి. ఏ ఇంటి నుంచి వచ్చిన కుర్చీలో చూసినా నల్లవే ఎక్కువ. పొడుగ్గా ఉంటాయి. ఇరవై ఒక్క ఏళ్లుగా ఆమె చూస్తున్నది అదే.

ఆ రోజు కూడా అదే పని మీద ఉంది. భర్త వచ్చి పెరటి షెడ్డు గుమ్మం దగ్గర నిలబడ్డాడు. లోపలికి రాడు. బ్లీచింగ్ వాసన ఆయనకి పడదు.

"సంస్థ పేరు మారుస్తున్నాం," అన్నాడు.

ఆమె తలెత్తలేదు. కొక్కేనికి పెద్ద చిక్కు తగులుకుంది.

"ఎందుకట?"

"పెద్దాయన స్మారక సేవా సంస్థ అంటే ఏ పెద్దాయన అని అడుగుతున్నారు. ఇంటి వ్యవహారంలా ఉందట. బయటివాళ్ళు ఎవరూ ముందుకు రావడం లేదు. ఈసారి సభ్యుల చేతే పెట్టిద్దామని ప్రెసిడెంటు గారన్నారు. అందరికీ చీటీలిస్తాం. ఎవరికి తోచింది వాళ్ళు రాస్తారు. ఎక్కువమంది ఏది రాస్తే అదే పేరు."

"మంచిదే."

"సామాన్ల మీద పాత పేరు స్టిక్కర్లున్నాయి కదా. ఎన్నుంటాయి?"

"మూడొందల పద్దెనిమిది."

"అదే. పేరు తేలేలోపు అవి గీకేస్తే..." అని ఆపేసి వెళ్ళిపోయాడు. ఆయన సగంలో ఆపిన మాటల్ని పూర్తి చెయ్యడం కూడా ఆమె పనే.

పెద్దాయన అంటే ఆమె మామగారు. వీధి చివర పిండి మర ఉండేది ఆయనకి. ఒక పక్క పడిపోయి ఆరేళ్లు మంచం మీద ఉన్నాడు. పిడి తిప్పితే తలవైపు లేచే ఇనప మంచం కొన్నారు. కొన్నది కొడుకు, తిప్పింది కోడలు. ఆయన పోయిన నెలకి నాలుగిళ్ల అవతల ఒకావిడ జారిపడి తుంటి విరగ్గొట్టుకుంది. ఆ మంచం అడిగారు, ఇచ్చారు. ఆవిడ పోయాక మంచంతో పాటు వాళ్ళు కొన్న కమోడ్ కుర్చీ కూడా తెచ్చి, ఇంట్లో ఉంటే భయంగా ఉంది కోడలమ్మా, మీ దగ్గరే ఉంచండి అన్నారు. అలా ఒకటొకటిగా వచ్చి చేరాయి. వాకర్లు, ఊతకర్రలు, గాలి పరుపులు, బెడ్‌పాన్లు, సెలైన్ సీసా తగిలించే స్టాండ్లు. భర్త దానికి తండ్రి పేరు పెట్టి, రిజిస్టరు చేయించి, కార్యదర్శి అయ్యాడు. మందుల షాపాయన ప్రెసిడెంటు. రిటైరైన హెడ్మాస్టరు గారు సలహాదారు. వస్తువు తీసుకున్న ప్రతి ఇంటి యజమానీ సభ్యుడు. ఆమె సభ్యురాలు కాదు. ఒకసారి రిజిస్టరులో ఆమె పేరు లేదేమిటని ఎవరో అడిగితే, ఇంటి మనిషికి సభ్యత్వం ఎందుకండీ అని భర్త నవ్వాడు. ఆమె కూడా నవ్వింది. అప్పుడు టీ ఇస్తూ ఉంది.

వస్తువు తిరిగొస్తే కడగాలి. జబ్బు మనిషి వాడిన వస్తువు ఎలా వస్తుందో అలాగే వస్తుంది. కడిగి తెస్తామని అందరూ అంటారు. ఇంట్లో మనిషి పోయాక ఎవరికీ కడగబుద్ధి కాదు. అది ఆమెకు తెలుసు. మామగారు పోయినప్పుడు ఆమె కూడా ఆ మంచాన్ని మూడు రోజులు ముట్టుకోలేదు. పెరట్లో సిమెంటు గచ్చు మీద వేసి, ముందు చల్లనీళ్ళు, తర్వాత సబ్బు నీళ్ళు, తర్వాత బ్లీచింగ్, మళ్ళీ చల్లనీళ్ళు. రెక్సిన్ పరుపు కుట్టు మడతల్లో పాత బ్రష్షుతో తోమాలి. గాలి పరుపుని నీళ్ళ తొట్టిలో ముంచి ఎక్కడ బుడగ వస్తుందో చూసి అతుకు వెయ్యాలి. రబ్బరు తొడుగులు అరిగితే మార్చాలి, లేకపోతే వాకరు జారుతుంది, పడినవాళ్ళు మళ్ళీ పడతారు. ఇవన్నీ ఎవరూ నేర్పలేదు. ఎవరూ చెయ్యమనలేదు కూడా. చెయ్యమంటే కాదనొచ్చు. అనకపోతే దేన్ని కాదంటాం. అత్తగారు మాత్రం అప్పుడప్పుడూ, "అమ్మాయి చెయ్యి పడితేనే శుభ్రం" అనేది, ఎవరైనా వింటున్నప్పుడు. ఆ ఒక్క మెచ్చుకోలు పదేళ్లు లాగింది.

ఇప్పుడు ఆ చేతులు పోయాయి. వేళ్ళ మధ్య చర్మం ఊడి వస్తోంది. ఉప్పు తగిలితే మంట, నిమ్మ తగిలితే మంట. రెండు నెలల కిందట చర్మం డాక్టరు ఆమె చేతులు తిప్పి చూసి, మీరేం పని చేస్తారమ్మా అని అడిగాడు. ఆమె చెప్పేలోపు పక్కనున్న భర్త, "ఏం చెయ్యదండీ, ఇంట్లోనే ఉంటుంది" అన్నాడు. డాక్టరు మళ్ళీ చేతుల వంక చూశాడు. నీళ్ళలో చేతులు పెట్టకండి, పెడితే ఇవి మానవు అని మాత్రం చెప్పాడు. దారిలో ఆమె భర్తతో అంది, "ఈ నెలాఖరుతో నేను మానేస్తానండీ."

"ఏం మానేస్తావు?"

"కడగడం."

"మానెయ్యడానికి అదేమైనా ఉద్యోగమా?"

నిజమే. ఉద్యోగమైతే మానొచ్చు. రాజీనామా కాగితం ఉంటుంది, తీసుకునేవాడు ఒకడుంటాడు.

"మానేసి ఏం చేస్తావు?" అని ఇంకాసేపటికి అడిగాడు.

"ఏమీ చెయ్యను."

ఆయనకి అర్థం కాలేదు. హాస్యమనుకున్నాడు. తర్వాత చూద్దాం అన్నాడు. నెలాఖరు వచ్చింది. పేరు గొడవ తేలనీ అన్నాడు. ఇంకో నెల వచ్చింది.

చీటీలు వచ్చాయి. ఎప్పుడూ అరువు చీటీలు కొట్టే ప్రెస్సులోనే కొట్టించారు. మిగిలిపోయిన పసుపు కాగితమే వాడారు, సైజు కూడా అదే. పైన సన్నటి అక్షరాల్లో కొత్త పేరు అని, పక్కన ఒక చుక్కల గీత. దాని కింద ఖాళీ. అడుగున సభ్యత్వ సంఖ్య. ఆమె ఒకటి చేతిలోకి తీసుకుని చూసి, "ఇది అరువు చీటీలాగే ఉందండీ" అంది. భర్త విన్నాడో లేదో.

హెడ్మాస్టరు గారు ప్రత్యేకంగా షెడ్డు దాకా వచ్చి చెప్పారు. "అమ్మా, సామాను కోసం వచ్చినవాళ్ళకి తలా ఒక చీటీ ఇవ్వండి. కానీ దేనికని మీరు నోటితో చెప్పొద్దు. మీరు ఒక మాటంటే వాళ్ళు అదే రాసేస్తారు. సభ్యుల మనసులో ఉన్నది సభ్యులే రాయాలి. వివరమంతా ముందు గేటు దగ్గర బోర్డు మీద రాయించాను."

"వీళ్ళు వచ్చేది వెనక సందులోంచి కదా మాస్టారూ."

"చదువుకుంటారమ్మా. చీటీ మీద కూడా ఉందిగా."

మాట్లాడకుండా చేతిలో పెట్టడం ఆమెకు కొత్త కాదు. నెల రోజులు అలాగే పెట్టింది. వాళ్ళు ఇంటికి తీసుకెళ్ళి, రాసి, మడిచి తెచ్చి, గుమ్మం పక్కన మాస్టారు సీలు వేసి పెట్టిన బిస్కెట్ల డబ్బాలో వేసి వెళ్ళారు.

డబ్బా ఒక ఆదివారం ముందు గదిలో తెరిచారు. ఆమె టీ కప్పులతో వచ్చేసరికి హెడ్మాస్టరు గారు ఒక్కొక్క చీటీ విప్పి పెద్దగా చదువుతున్నారు, మందుల షాపాయన గీతలు గీస్తున్నాడు, భర్త విన్నది విన్నట్టు నోట్సు రాసుకుంటున్నాడు.

"చేయూత." ఒక గీత.

"పాత పేరే ఉంచండి. ఇదొకటి."

"కోడలమ్మ గారికి." హెడ్మాస్టరు గారు ఆగారు. కళ్ళజోడు సర్దుకుని తర్వాతది తీశారు. "కోడలమ్మ గారికి." ఇంకోటి. "కోడలమ్మకి నమస్కారం."

మందుల షాపాయన నవ్వాడు. "ఇదేంటండీ, ఉత్తరాలు రాశారా?"

నాలుగోది, ఐదోది, పదోది. నవ్వు ఆగిపోయింది. ఇరవై దాటాక ముగ్గురూ నిటారుగా కూర్చున్నారు. మొత్తం రెండొందల నాలుగు చీటీలు. అందులో నూట ముప్పై ఏడు అవే.

"చెల్లెమ్మా, ఇలా రా," అన్నాడు మందుల షాపాయన. ఎప్పుడూ ఆమెని చూడకుండానే టీ అందుకునే మనిషి. "చూడు, సభ్యులు ఏం రాశారో. కోడలమ్మ సేవా సంస్థ. ఎంత కమ్మగా ఉంది. మనం ఏడాది కూర్చున్నా ఇలాంటిది తట్టేదా మాస్టారూ?"

ఆమె చీటీల వంక చూసింది. పై గీత మీద కోడలమ్మ గారికి. కింద ఖాళీలో: బెడ్‌పాన్ ఒకటి, నెలాఖరులోగా. మా నాన్నకి వాకరు, పొట్టిది. మంచం పిడి తిరగడం లేదు, ఎవరినైనా పంపండి. ఇరవై ఏళ్లుగా ఆ సంస్థ నుంచి వాళ్ళకి తెలిసిన కాగితం ఒక్కటే. పసుపుది. దాని మీద పైన ఆమెకి నమస్కారం, కింద కావలసింది, ఎప్పటిలోగా, ఎన్నాళ్లకు.

"అవి పేర్లు కావండీ. అరువు చీటీ అనుకున్నారు. నన్ను సామాను అడుగుతున్నారు," అంది.

ముగ్గురికీ తెలిసింది. తెలిసిన సంగతి మూడు మొహాల మీదా ఒకేసారి కనపడింది. తర్వాత హెడ్మాస్టరు గారు గొంతు సవరించుకున్నారు. "అమ్మా, చీటీలో మొదటి గీత పేరుకి. అక్కడ ఏది రాస్తే అది పేరు. కింద రాసినది సభ్యుల సూచన. సభ్యుడు రాసిందాన్ని మనం ఇలా కాదు అలా అనుకున్నాడు అని చెప్పకూడదు. అది పద్ధతి కాదు."

"నువ్వు ఊరుకో," అన్నాడు భర్త. "దానికి మొహమాటం మాస్టారూ. మొదటినుంచీ అంతే."

అంతే. తేలిపోయింది. బతికున్న మనిషి పేరు మీద పెడితే ఆ మనిషి ఒప్పుకుంటున్నట్టు సంతకం కావాలట, అదొక్కటే మిగిలింది. వచ్చే ఆదివారం సర్వసభ్య సమావేశం, అందరి ముందూ సంతకం. వాళ్ళు లేచాక భర్త ఆ నూట ముప్పై ఏడు చీటీలకీ రబ్బరు బ్యాండు వేసి ఆమె చేతిలో పెట్టాడు.

"పేర్లు లెక్కేశాం కదా. కింద ఏవేవో అడిగారు, అవి నువ్వు చూసుకో."

ఆ సాయంత్రం కప్పులు తోముతూ ఆమె మళ్ళీ అడిగింది. పేరు తేలాక మాట్లాడదామన్నారు కదా, తేలింది కదా అని. భర్త నీళ్ళ గ్లాసు పట్టుకుని వంటింటి గడపలో నిలబడ్డాడు.

"ఇప్పుడెలా మానేస్తావు? ఇప్పుడు పేరే నీది. కోడలమ్మ సంస్థలో కోడలమ్మ లేదంటే నలుగురూ ఏమనుకుంటారు?"

"నా చేతులు చూశారా?"

"చూశాను. గ్లౌజులు తెప్పిస్తాను. అయినా ఇన్నాళ్ళూ ఎవరో మెచ్చుకోవడం లేదనే కదా నీ బాధ. ఇప్పుడు ఊరంతా మెచ్చుకుంది. ఇంకేం కావాలి?"

ఆమె ఎప్పుడూ అలా అనలేదు. మెచ్చుకోవడం లేదని ఒక్కసారి కూడా అనలేదు. చేతులు నొప్పి అంది. అలసట అంది. మానేస్తాను అంది. ఈ మూడు మాటలూ ఆయన చెవిలోకి వెళ్ళి ఒక్క మాటగా మారాయి, తనకు మెప్పు కావాలట. మెప్పయితే ఇవ్వొచ్చు. బోర్డు మీద రాయించి ఇవ్వొచ్చు. ఒక మనిషిని పెట్టి కడిగించడం కన్నా బోర్డు రాయించడం తేలిక. ఆమె గ్లాసు అందుకుని తోమింది. సబ్బు వేళ్ళ మధ్యకి వెళ్ళింది. నోట్లోకి వచ్చిన కేకని ఎప్పట్లాగే మింగింది. మింగడం అలవాటైపోతే అరుగుతుందనుకుంటారు. అరగదు. లోపల పేరుకుంటుంది, చక్రంలో వెంట్రుకల్లాగే. మనిషి ఒక పక్కకి లాగుతుంటే నేల బాగాలేదనుకుంటారు.

మర్నాడు పొద్దున అత్తగారికి గోళ్ళు తీస్తోంది. ఎనభై నాలుగేళ్ల మనిషి. కిటికీ పక్క కుర్చీలో కూర్చుంటుంది, అవసరమైతేనే మాట్లాడుతుంది, ఆ మాట కూడా ఉప్పు ఎక్కువైందనో, తలుపు వెయ్యమనో.

"సంతకం పెడతావా?" అంది ఉన్నట్టుండి.

"ఏ సంతకం అత్తయ్యా?"

"నాకు చెవుడు లేదు, అందరూ అనుకుంటారు గానీ." చెయ్యి వెనక్కి లాక్కుంది. "మన మర బోర్డు మీద ఎవరి పేరు ఉండేదో గుర్తుందా నీకు?"

గుర్తుంది. పెళ్ళై వచ్చినప్పుడు ఆ బోర్డు చూసి, భార్య అంటే ఎంత ఇష్టమో మామగారికి అనుకుంది. పచ్చ రంగు మీద తెల్లటి అక్షరాలు, అత్తగారి పేరు.

"బోర్డు పెట్టిన రోజు నేనూ పొంగిపోయాను. ముప్పై ఏళ్లు దాని కింద నిలబడి మర పట్టాను. దుమ్ముకి దగ్గు పట్టుకుంది. రక్తం పడింది. ఇక నా వల్ల కాదు, మూసెయ్యండి, లేకపోతే మనిషిని పెట్టండి అన్నాను. మీ మామ ఏమన్నాడో తెలుసా? నీ పేరున్న మరలో వేరే ఆడది నిలబడితే నీకు బాగుంటుందా అన్నాడు. మర్నాడు పొద్దున మళ్ళీ మర పట్టాను. వచ్చేవాళ్ళు కూడా అంతే, పిండి ముతకగా ఉంటే నా పేరు పెట్టి తిట్టేవాళ్ళు. ఆయన్ని ఎవరూ అనలేదు. ఆయన పేరు ఎక్కడుంది?"

ఇరవై ఎనిమిదేళ్లలో అత్తగారు అంత పొడుగు మాట్లాడడం అదే.

"మరి నేను ఇన్నేళ్లు చేస్తుంటే మీరు ఒక్కనాడూ చెప్పలేదు."

అత్తగారు కిటికీ వైపు చూసింది. "నువ్వు మానేస్తే రేపు నన్నెవరు చూస్తారని."

అబద్ధం కాదు. అందుకే కోపం రాలేదు. కొంచెం సేపటికి అత్తగారు చెయ్యి మళ్ళీ ముందుకు చాపింది, మిగిలిన రెండు వేళ్ళకీ. "పేరు గొప్ప, ఊరు దిబ్బ," అంది. "తియ్యి, ఎండ పోతోంది."

మధ్యాహ్నం ఆమె చీటీల కట్ట విప్పి షెడ్డు అరుగు మీద కూర్చుంది. సభ్యత్వ సంఖ్యలన్నీ మగవాళ్ళవి. రాతలన్నీ ఆడవాళ్ళవి. ఆమెకు ఆ రాతలు మొహాలు తెలిసినట్టే తెలుసు. గుండ్రంగా రాసేది పోస్టుమాస్టరు కూతురు, తండ్రి కోసం ఉద్యోగం వదిలేసింది. గీత దాటి కిందికి జారిపోయే రాత దర్జీ భార్యది, ఆమెకీ ఒక చెయ్యి సరిగా లేవదు ఇప్పుడు. ఇంత ఇనుమూ ఇంత రబ్బరూ ఇళ్ళకి పంపింది తను. మంచం పంపింది. దాని మీది మనిషిని ఇటు నుంచి అటు తిప్పేవాళ్ళని ఎవరు పంపారు? వస్తువులు అరువిచ్చే సంస్థ ఒకటుంది గానీ చేతులు అరువిచ్చేది ఎక్కడా లేదు. ఎందుకుంటుంది, ప్రతి ఇంట్లోనూ ఒక జత ఉందని అందరికీ తెలుసు.

ఒక చీటీ మీద కింద ఖాళీలో మొదట ఏదో రాసి, గట్టిగా కొట్టేసి, దాని కింద గాలి పరుపు అని రాసి ఉంది. కొట్టేసింది ఎంత చూసినా తెలియలేదు. సంఖ్య బస్సు కండక్టరుది.

మూడింటికి ఆ కండక్టరు భార్యే వచ్చింది, పరుపు కోసం. ముప్పై ఐదు ఉంటాయేమో. జడ వేసుకోలేదు, ముడి చుట్టుకుంది. నాలుగేళ్లుగా ఈమె అత్తగారు మంచం మీద.

"అక్కా, పది నిమిషాలే ఉంటాను. పక్కింటావిడని కూర్చోబెట్టి వచ్చాను. ఆవిడ సీరియల్ మొదలయ్యేలోపు వెళ్ళిపోవాలి."

ఆమె పరుపు మడిచి తాడు కడుతూ అడిగింది. "ఈ చీటీలో నువ్వు పేరు రాశావా?"

"ఏం పేరు?"

"సంస్థకి కొత్త పేరు పెట్టమని ఇచ్చారు ఈ చీటీ."

కండక్టరు భార్య చీటీ తీసుకుని సన్న అక్షరాలు చదివింది. నవ్వింది, నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుని. "అయ్యో, నేను చూడనే లేదు. పసుపుదని మామూలుగా రాసేశాను. తప్పయిందా అక్కా?"

"తప్పేం లేదు. ఈ కొట్టేసింది ఏంటి?"

నవ్వు పోయింది. పరుపు వంక చూసింది. "ఏం లేదు."

"చెప్పు."

"ఎత్తడానికి ఒక మనిషి అని రాశాను. పొద్దున ఒక గంట, సాయంత్రం ఒక గంట. అత్తయ్య లావు మనిషి అక్కా, మొన్న ఎత్తుతుంటే నడుము పట్టేసి నేనూ ఆవిడ మీదే పడిపోయాను. ఇద్దరం అలా అరగంట ఉన్నాం. ఆవిడ ఏడవడం, నేను ఏడవడం. ఆయన డ్యూటీలో ఉన్నాడు. వచ్చాక చెప్తే నవ్వాడు, ఇద్దరూ కుస్తీ పట్టారా అని." ఆగింది. "తర్వాత ఆలోచిస్తే, మనుషుల్ని ఎవరిస్తారు అనిపించింది. కొట్టేశాను."

ఆమె ముడి బిగించింది.

"నేను ఇక్కడ మానేస్తే?" అంది, తల వంచుకునే.

కండక్టరు భార్య పరుపు తాడుని వేలితో తడిమింది. "మీరున్నారన్న ధైర్యమే నాకు," అంది. తర్వాత ఆమె వేళ్ళు చూసింది, చర్మం లేచిపోయిన చోట్లు. పరుపు నెత్తిన పెట్టుకుని సందులోకి వెళ్ళిపోయింది. మూల తిరిగేముందు ఒకసారి వెనక్కి చూసింది.

ఆమె ఆ వారమంతా నూట ముప్పై ఏడు ఇళ్ళకీ అడిగినవి పంపింది. ఉన్నవి పంపింది, లేనివాటికి లేవని రాసింది. ఆదివారం పొద్దున షెడ్డు కడిగి, బ్రష్షులు బోర్లించి, తాళం వేసింది. రెండు మూడు ఖాళీ అరువు చీటీలు ఎప్పుడూ ఆమె సంచిలో ఉంటాయి, దారిలో ఎవరైనా అడుగుతారని.

సమావేశం హెడ్మాస్టరు గారి పాత బడి హాల్లో. గుడ్డ మీద కొత్త పేరు అప్పుడే రాయించి కట్టేశారు. అరవై మంది దాకా వచ్చారు. అందరూ సభ్యులే, ఇస్త్రీ చొక్కాలు. చీటీలు రాసినవాళ్ళు ఒక్కరూ రాలేదు. జబ్బు మనిషిని వదిలి రావాలంటే ఇంట్లో ఇంకో మనిషి ఉండాలి. ఆ ఇంకో మనిషి ఇక్కడ కూర్చుని ఉన్నాడు. రెండో వరసలో కండక్టరు పక్కవాడితో ఏదో చెప్పి నవ్వుతున్నాడు.

మందుల షాపాయన మాట్లాడాడు. "ఒక ఇంటికి వచ్చిన కోడలు ఊరందరికీ కోడలైంది," అన్నాడు. చప్పట్లు కొట్టారు. ఆమె ముందు వరసలో కూర్చుని ఆ మాటే ఆలోచించింది. ఒక ఇంటికి కోడలైనందుకే ఇన్నేళ్లు పట్టింది. ఊరికి అయితే ఇంకెన్నేళ్లో. "ఇకనుంచి ఈ సంస్థ ఉన్నన్నాళ్లూ మన కోడలమ్మ చెయ్యి దీని మీద ఉంటుంది," అన్నాడాయన. మళ్ళీ చప్పట్లు. భర్త కూడా కొట్టాడు, ఆమె వంక చూసి తల ఊపుతూ. ఆయన కళ్ళల్లో నిజంగానే గర్వం ఉంది. ఆమెకు అదే కష్టమనిపించింది. దుర్మార్గుడైతే సులువుగా ఉండేది.

హెడ్మాస్టరు గారు బల్ల దగ్గరికి పిలిచారు. ఒప్పుకోలు పత్రం టైపు చేసి ఉంది. అడుగున గీత, గీత పక్కన పెన్సిల్‌తో చిన్న గుర్తు, ఇక్కడ పెట్టాలని. పెన్ను ఆయనే మూత తీసి ఇచ్చారు.

"కొంచెం వణుకుతోంది చెయ్యి, పరవాలేదమ్మా, నిదానంగా."

చెయ్యి వణకడం లేదు. పెన్ను పట్టుకుంటే వేళ్ళ మధ్య మండుతోంది, అంతే. ఆమె పెన్ను కుడిచేతిలో పట్టుకుని, ఎడమచేత్తో సంచిలోంచి పసుపు చీటీ ఒకటి తీసింది. పత్రం మీద పెట్టి, వంగి, రాసింది. అందరూ సంతకమే అనుకున్నారు. వెనక ఎవరో చప్పట్లు మొదలుపెట్టారు, ఇంకా అవలేదని తెలిసి ఆపేశారు. అంతకుముందు ఆమె చాలా చీటీలు చదివింది గానీ ఒకటి రాయడం ఇదే మొదలు. నాలుగు గీతలే. రాయడానికి ఎక్కువ సేపు పట్టలేదు.

పెన్నుకి మూత పెట్టి ఇచ్చేసింది. పైన ఫ్యాను తిరుగుతోంది, చీటీ అంచు లేచింది. ఎగిరిపోకుండా నడుముకి దోపుకున్న షెడ్డు తాళంచెవి తీసి దాని మీద బరువు పెట్టింది. తర్వాత వరసల మధ్యనుంచి వాకిలి వైపు నడిచింది. భర్త సగం లేచాడు. "ఎక్కడికి?" అన్నాడు. ఈసారి ఆ మాటకి జవాబు ఆయనే చూసుకోవాలి.

హెడ్మాస్టరు గారికి చేతిలోకి వచ్చిన కాగితం పైకి చదవడం అలవాటు. నలభై ఏళ్ల అలవాటు అది, ఏం చదువుతున్నారో తెలిసేలోపే గొంతు మొదలైపోతుంది. ఆమె వాకిట్లో చెప్పులు వేసుకుంటుంటే వినపడింది.

"కార్యదర్శి గారికి. కావలసినది: మనుషులు ఇద్దరు. ఒకరు కడగడానికి, ఒకరు కండక్టరు గారింట్లో ఎత్తడానికి." గొంతు నెమ్మదించింది. "ఎప్పటిలోగా: రేపు పొద్దున. ఎన్నాళ్లకు..."

ఆయన ఆగారు. ఆగిన చోటునుంచి ఆయనే మళ్ళీ చదివారు.

"ఇరవై ఒక్క ఏళ్లకు."